పుస్తకంలో ఓడ, కాళ్ల కింద ఓడ

యాట్ మీద డెక్ ఆఫీసర్‌గా చేరిన మొదటి వారంలో నేర్చుకోవలసినవి చాలానే ఉంటాయి. టెండర్ నడపడం, టేకు డెక్కు కడిగే పద్ధతి, అతిథుల పేర్లు, యజమానికి ఏ వైపు కూర్చోవడం ఇష్టమో తెలుసుకోవడం. ఇవన్నీ అవసరమే, కాదనను. అయితే బ్రిడ్జిలో ఒక అరలో లావుపాటి ఫైలు ఒకటుంటుంది. స్టెబిలిటీ బుక్‌లెట్. అట్ట మీద ఓడ పేరు, ఆమోదముద్ర, తేదీ ఉంటాయి. సర్వేయర్ వచ్చినప్పుడు దుమ్ము దులిపి చూపిస్తారు, ఆయన వెళ్లాక మళ్లీ అదే అరలో పెట్టేస్తారు. మొదటి వారంలోనే ఆ ఫైలు చదవండి. ఒక్క రోజులో అర్థం కాదు, ఫర్వాలేదు. రోజుకు పది పేజీలు చదవండి.

ఆ ఫైలులో ఒక ఓడ ఉంది. దాని తలుపులు మూసి ఉన్నాయి. ట్యాంకుల్లో ఇంధనం ఇంత, నీళ్లు ఇంత అని లెక్క రాసి ఉంది. టెండర్ తన చోట తాను కట్టేసి ఉంది. అలాంటి ఓడ ఎంత ఒరిగినా ఏ కోణం దాకా తిరిగి లేస్తుందో డిజైనర్ లెక్కగట్టి గీత గీశాడు. మీరు నిలబడ్డ ఓడ అదేనా? పక్క తలుపు తెరిచి ఉంది, పై డెక్కు మీద జకూజీ నిండుగా ఉంది, కిందటేడాది రిఫిట్‌లో కొత్త ఫర్నిచర్ చేరింది, ఇంధనం పదో వంతుకు వచ్చింది. ఫైలు చెప్పేది దీని గురించి కాదు. ఈ రెండు ఓడలనూ దగ్గరగా ఉంచడమే స్టెబిలిటీ విషయంలో ఆఫీసర్ ఉద్యోగం. మిగతాదంతా వివరాలు.

విశాఖలోనో చెన్నైలోనో చదువుకుని, సరుకు ఓడల్లో కొన్నేళ్లు చేసి యాట్‌ల వైపు వచ్చేవాళ్లకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. సరుకు ఓడలో స్టెబిలిటీని మరిచిపోవడానికి వీలుండదు. రేవు రేవుకూ వేల టన్నులు ఎక్కుతాయి, దిగుతాయి. చీఫ్ ఆఫీసర్ లోడింగ్ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క తేల్చందే తాళ్లు విప్పరు. యాట్‌లో ఆ ఒత్తిడి లేదు. నిన్నటి బరువే ఇవాళా ఉంటుంది. దాంతో లెక్క వేసే అలవాటు తప్పిపోతుంది. యాట్ బరువు ఒక్క రోజులో మారదు గానీ ఏళ్ల మీద మారుతుంది. ఒక సీజన్‌లో రెండు జెట్ స్కీలు, మరో సీజన్‌లో పెద్ద టెండర్, ఆ పై ఏడు సన్‌డెక్ మీద రాతి పలకల బార్. ప్రతిదీ విడిగా చూస్తే చిన్నదే. ప్రతిదీ గురుత్వ కేంద్రాన్ని ఇంతింతగా పైకి లాగేదే. ప్రయాణికుల ఓడలకైతే ఐదేళ్లకోసారి ఖాళీ ఓడ బరువు సరిచూడాలని అంతర్జాతీయ నియమం ఉంది. ఆ బరువు 2 శాతానికి మించి తేడా వచ్చిందంటే ఇంక్లైనింగ్ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. మీ యాట్‌కు ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది, ఆ తర్వాత ఏమేం అదనంగా చేరాయి అన్నది కాగితం మీద రాసిపెట్టుకోండి. రిఫిట్ యార్డులో దించిన ప్రతి వస్తువూ, ఎక్కించిన ప్రతి వస్తువూ బరువుతో సహా రాయండి. ఈ పని చేయమని మీకు ఎవరూ చెప్పరు. అందుకే మీరే మొదలుపెట్టాలి.

ఇప్పుడు రెండు ఓడల సంగతి. రెండూ దాదాపు ఒకే పొడవు, రెండూ తెరచాప ఓడలు.

మొదటిది కాంకోర్డియా. విద్యార్థులను ఎక్కించుకుని సముద్రాలు తిరిగే శిక్షణ ఓడ. 2010 ఫిబ్రవరి 17న బ్రెజిల్ తీరానికి దూరంగా, మధ్యాహ్నం పూట, ఒక గాలిదుమారం తగిలి పక్కకు పడిపోయింది. గాలివాలు వైపు డెక్‌హౌస్ తలుపులు, కిటికీలు, వెంటిలేటర్లు నీళ్లలో మునిగాయి. అవి నీరు చొరకుండా బిగించి లేవు. లోపలికి నీళ్లు దూకాయి, ఓడ ఇక లేవలేదు. అందులోని 64 మందీ లైఫ్‌రాఫ్ట్‌లలో ఒక రోజుకు పైగా గడిపి ప్రాణాలతో బయటపడ్డారు. కెనడా దర్యాప్తు సంస్థ తేల్చిన విషయాల్లో ఒకటి ప్రతి వాచ్‌కీపర్ గుర్తుపెట్టుకోవలసినది. దుమారాల్లో ఎంత ఒరుగుడు దాకా భద్రమో చెప్పే వక్రరేఖలు ఆ ఓడ మీద ఉన్నాయి. ఆ సమయంలో వాచ్‌లో ఉన్న ఆఫీసర్‌కు వాటిని వాడటంలో శిక్షణ లేదు.

ఆ వక్రరేఖల వెనుక ఇంకో విషాదం ఉంది. 1984 జూన్‌లో బెర్ముడా దగ్గర మార్క్విస్ అనే తెరచాప ఓడ ఒక్క దుమారంతో మునిగి 28 మందిలో 19 మంది చనిపోయారు. దాని తర్వాత సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలోని వుల్ఫ్‌సన్ యూనిట్ తెరచాప ఓడల మీద గాలి ప్రభావాన్ని పరిశోధించింది. దాని సారం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. గాలి వేగం 1.4 రెట్లయితే ఓడను ఒరిగించే ఒత్తిడి రెట్టింపవుతుంది. 20 నాట్ల గాలిలో హాయిగా సాగుతున్న ఓడను 28 నాట్ల విసురు రెండింతల బలంతో తోస్తుంది, 40 నాట్ల విసురు నాలుగింతల బలంతో. గాలి ఎంత వీస్తోందని మాత్రమే చూసేవాడికి ఇది అందదు. ఇప్పుడు నిలకడగా ఎన్ని డిగ్రీలు ఒరిగి పోతున్నాం, ఇంకెంత విసురు తగిలితే నీరు చొరబడే కోణం వస్తుంది అని చూసేవాడికే అందుతుంది. మీది తెరచాప యాట్ అయితే ఆ వక్రరేఖల పేజీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి చుక్కాని దగ్గర తగిలించండి. ఫైల్లో ఉంటే లాభం లేదు.

రెండోది బేసియన్. 2008లో ఇటలీలో పెరినీ నావీ కట్టిన 56 మీటర్ల యాట్, 70 మీటర్లు దాటిన ఒంటి కొయ్య. 2024 ఆగస్టు 19 తెల్లవారుజామున సిసిలీలోని పోర్టిచెల్లో ఎదుట లంగరు వేసి ఉంది. తెరచాపలు దించి ఉన్నాయి. కెప్టెన్ పడుకునే ముందు, గాలి 20 నాట్లు దాటితే లేపమని చెప్పాడు. కాపలాలో ఉన్న నావికుడు మబ్బు ముంచుకురావడం చూసి, వాన పడుతుందని ముందరి హ్యాచ్‌లూ కాక్‌పిట్ కిటికీలూ మూశాడు. గాలి 30 నాట్లకు చేరింది, లంగరు జారింది, కెప్టెన్‌ను లేపాడు. 4 గంటల 6 నిమిషాలకు ఓడ 15 సెకన్ల లోపే 90 డిగ్రీలు ఒరిగిపోయింది. 22 మందిలో ఏడుగురు చనిపోయారు.

బ్రిటన్ నౌకా ప్రమాదాల దర్యాప్తు విభాగం 2025 మేలో మధ్యంతర నివేదిక ఇచ్చింది. తెరచాపలు దించి, సెంటర్‌బోర్డ్ పైకి ఎత్తి, ఇంధనమూ నీళ్లూ పది శాతం మాత్రమే ఉన్న స్థితికి లెక్క వేయించింది. ఆ స్థితిలో ఓడ తిరిగి లేవగలిగేది 70.6 డిగ్రీల దాకానే. పక్క నుంచి 63.4 నాట్లకు మించిన గాలి తగిలితే పడగొట్టడానికి చాలు. ఈ స్థితికి సంబంధించిన లెక్కలు ఓడ మీది స్టెబిలిటీ పుస్తకంలో లేవు. యజమానికీ తెలియదు, సిబ్బందికీ తెలియదు. ఓడ పక్కకు పడి రెయిలింగు మీదుగా నీళ్లు వచ్చేదాకా లోపల నీరు చేరిన ఆనవాలు లేదని కూడా ఆ నివేదిక చెప్పింది. ఆ తర్వాత కొద్ది సెకన్లలోనే మెట్ల మార్గాల గుండా నీళ్లు లోపలికి దిగాయి.

కాంకోర్డియాలో పుస్తకం ఉంది, చదివే మనిషి తయారుగా లేడు. బేసియన్‌లో అసలు ఆ పేజీయే లేదు. కాబట్టి ఫైలు చదివేటప్పుడు ఉన్నది చదివితే సరిపోదు, లేనిదేమిటో వెతకాలి. మీ ఓడ ఎక్కువ కాలం గడిపే స్థితి ఏది? చాలా యాట్‌లు ఏడాదిలో ఎక్కువ రోజులు లంగరు మీదే ఉంటాయి. ఆ స్థితికి లెక్క ఉందా? అందులో ట్యాంకులు ఏ మట్టంలో ఉన్నాయి? సెంటర్‌బోర్డ్ ఎక్కడ ఉంది? జవాబు దొరక్కపోతే కెప్టెన్ ద్వారా నౌకా డిజైనర్‌కు రాయించండి. ఉత్తరం రాయడానికి మీ హోదా చిన్నదేమీ కాదు.

కొంచెం లెక్కల్లోకి వెళదాం, భయపడకండి. ఓడ బరువంతా గురుత్వ కేంద్రం గుండా కిందికి లాగుతుంది. నీటి తోపుడు, మునిగిన భాగపు నడిమి బిందువు గుండా పైకి తోస్తుంది. ఓడ ఒరగ్గానే మునిగిన భాగం ఆకారం మారి ఆ నడిమి బిందువు ఒరిగిన వైపుకు జరుగుతుంది. ఇప్పుడు ఈ రెండు బలాల గీతల మధ్య అడ్డంగా కొంత దూరం ఏర్పడుతుంది. అదే జీజడ్. ఓడను తిరిగి లేపే చెయ్యి అదే. ఒరుగుడు కొద్దీ ఆ దూరం పెరిగి, ఒకచోట శిఖరం తాకి, మళ్లీ తగ్గి సున్నా అవుతుంది. సున్నా అయిన కోణం దాటితే ఓడ తనంత తాను లేవదు. చిన్న కోణాల్లో ఓడ ఎంత బిగువుగా ఉందో చెప్పే కొలత జీఎం. 2008 నాటి అంతర్జాతీయ నియమావళి ప్రకారం జీఎం కనీసం 0.15 మీటర్లు ఉండాలి. 30 డిగ్రీల దగ్గర గానీ ఆ పైన గానీ జీజడ్ కనీసం 0.20 మీటర్లు ఉండాలి. శిఖరం 25 డిగ్రీలకు ముందే రాకూడదు. అయితే గీత కింద ఉన్న వైశాల్యమే అసలైన బలం. విసురు మోసుకొచ్చిన శక్తిని మింగగలిగేది అదే.

ఈ గీతను ఒక్క చూపులో చదవడం నేర్చుకోవాలంటే, దాని మీద ఒక నిలువు గీత ఎక్కడుందో ముందు చూడండి. అది నీరు చొరబడే కోణం. మూయడానికి వీల్లేని రంధ్రం, సాధారణంగా ఇంజన్ గది గాలిమార్గం, నీటిని తాకే కోణం. ఇంజన్ నడవాలంటే అది తెరిచే ఉండాలి కాబట్టి డిజైనర్ దాన్ని లెక్కలోకి తీసుకుంటాడు. మిగతా హ్యాచ్‌లు, తలుపులు, కిటికీలు మూసి ఉంటాయని నమ్మి లెక్కలో వదిలేస్తాడు. మీరు ఒక పక్క తలుపు తెరిచిన మరుక్షణం ఆ నిలువు గీత 50 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు జరిగిపోవచ్చు. గీత మిగతా భాగం అప్పుడు కాగితం మీద బొమ్మే. స్టెబిలిటీ ఒక పాఠం, నీరు చొరకుండా కాయడం ఇంకో పాఠం అని విడగొట్టి చదివించడం నాకు నచ్చదు. రెండూ ఒకే లెక్క.

ఉదాహరణకు, 400 టన్నుల యాట్, వెడల్పు 9 మీటర్లు, జీఎం 0.60 మీటర్లు అనుకుందాం. మధ్యలో ఉన్న 4 టన్నుల టెండర్‌ను క్రేన్‌తో ఎత్తారు. తన చోటు నుంచి టెండర్ ఒక్క అంగుళం లేచినా చాలు, దాని బరువు మొత్తం ఆ క్షణమే క్రేన్ కొస మీదికి వెళ్లిపోయినట్టే లెక్క. కొస 6 మీటర్లు పైన ఉంటే ఓడ గురుత్వ కేంద్రం 6 సెంటీమీటర్లు లేస్తుంది, జీఎం 0.54కు దిగుతుంది. ఇప్పుడు టెండర్‌ను 8 మీటర్లు బయటికి తిప్పారు. ఓడ 8 డిగ్రీలకు పైగా ఒరుగుతుంది. అంటే ఆ వైపు పక్క తలుపు అంచు 65 సెంటీమీటర్లకు మించి కిందికి దిగుతుంది. అదే సమయానికి అతిథులు ఈతకు దిగుతారని ఆ తలుపు తెరిచి పెట్టి ఉంటే? పక్కనే ఒక స్పీడ్‌బోట్ అల లేపుకుంటూ పోతే? టెండర్ దించే ముందు అదే వైపు తలుపులు మూసి ఉన్నాయని చూసుకోవడం మర్యాదకు చేసే పని కాదు, అంకెలు చెప్పే పని.

ట్యాంకుల విషయంలో అందరూ వల్లించే మాట ఫ్రీ సర్ఫేస్. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి నడిచి చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఒరిగిన వైపుకే పరుగెత్తి ఓడను ఇంకా ఒరిగిస్తాయి. దాని చెడు ట్యాంకు వెడల్పు ఘనం చొప్పున పెరుగుతుంది. నడిమికి ఒక అడ్డుగోడ కడితే నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని కుడి, ఎడమ ట్యాంకుల మధ్య కవాటాన్ని తెరిచి వదిలేయకండి. తెరిస్తే డిజైనర్ కట్టిన అడ్డుగోడను మీరు కూల్చినట్టే. నాలుగు ట్యాంకులు సగం సగం వాడకుండా ఒక జత ఖాళీ చేశాకే ఇంకో జత ముట్టండి. పై డెక్కు జకూజీ 3 మీటర్ల పొడవు, 2.5 వెడల్పు, 0.8 లోతు ఉంటే అది 6 టన్నుల నీళ్లు, అదీ ఓడ నెత్తి మీద. వాతావరణం చెడుతుందని తెలిసిన సాయంత్రం ముందు ఖాళీ చేయవలసింది అదే.

మంటలార్పే నీళ్లు కూడా ఇదే జాతి. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో నార్మండీ అనే మహా నౌక మంటలకు కాదు, మంటలార్పడానికి కొట్టిన నీళ్లకు ఒరిగి పడిపోయింది. పై అంతస్తులో గొట్టం పట్టినప్పుడు ఆ నీరు ఎటు పోతోందో చూడటానికి ఒక మనిషిని పెట్టండి. నీరు బయటికి పోవలసిన స్కప్పర్లలో తువాళ్లు, కుషన్లు అడ్డం పడి ఉంటాయి.

యాట్‌ల దగ్గర ఇంకో మోసం ఉంది. ఓడ మెల్లగా, బద్ధకంగా ఊగుతోందంటే జీఎం తగ్గిందని పాతకాలపు నావికులు కాళ్లతోనే కనిపెట్టేవాళ్లు. జీఎం సగమైతే ఊగుడు కాలం 40 శాతం పెరుగుతుంది. ఇప్పుడు స్టెబిలైజర్ రెక్కలు లంగరు మీద కూడా పనిచేస్తూ ఆ ఊగుడును చంపేస్తాయి. అతిథులకు సుఖం. ఆఫీసర్‌కు మాత్రం కబురు అందదు. రెక్కలు ఊగుడును తగ్గిస్తాయే గానీ జీజడ్‌కు ఒక్క మిల్లీమీటరు కలపవు. అతిథులు లేని రోజు వాటిని కట్టేసి పది ఊగుళ్లకు ఎంత సమయం పడుతుందో గడియారం పెట్టి కొలిచి, ఆనాటి ట్యాంకుల మట్టంతో కలిపి రాసిపెట్టండి. రిఫిట్ తర్వాత మళ్లీ కొలవండి. తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే డిజైనర్‌ను పిలవాల్సిన రోజు వచ్చిందన్నమాట.

ఇక నీటి సంగతి. నీటిమట్టానికి మీటరు కింద 5 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న ఒక గొట్టం ఊడిందనుకోండి. గంటకు దాదాపు 19 టన్నుల నీరు వస్తుంది. అంతటి గొట్టాలు మీ ఇంజన్ గదిలో చాలానే ఉంటాయి. ప్రతి సీ వాల్వ్ ఎక్కడుందో చీకట్లో చేత్తో తడిమి చెప్పగలగాలి. ఇంజనీర్‌తో కలిసి ఒక్కొక్కటీ మూసి తెరిచి చూడండి. కదలని వాల్వ్ ఉంటే, అది లేనట్టే లెక్క.

అడ్డుగోడల పని ఆ నీటిని ఒకే గదిలో బంధించడం. గోడ గట్టిదే. బలహీనత దాన్ని తొలిచిన చోట ఉంటుంది. 2018 నవంబర్‌లో నార్వే యుద్ధనౌక హెల్గె ఇంగ్‌స్టాడ్ ఒక ట్యాంకర్‌ను గుద్దుకున్నప్పుడు, నీరు బోలుగా ఉన్న ప్రొపెల్లర్ షాఫ్టుల గుండా ఒక గది నుంచి ఇంకో గదికి చేరింది. అటు వైపు నుంచి వస్తుందని సిబ్బంది ఊహించలేదు. యాట్‌లో ఆ పని చేసేవి కేబుళ్లు. రిఫిట్‌లో కొత్త మ్యూజిక్ సిస్టమ్, కొత్త కెమెరాలు పెడతారు. ఎలక్ట్రీషియన్ అడ్డుగోడకు రంధ్రం చేసి తీగ లాగుతాడు, చుట్టూ నురగ కొట్టి పైన అందమైన ప్యానెల్ బిగిస్తాడు. ఆ నురగ నీటిని ఆపదు. ప్యానెల్ బిగించక ముందే వెళ్లి చూడండి, ఫోటో తీయండి. ధ్రువీకరించిన గ్లాండ్ పెట్టేదాకా ప్యానెల్ మూయనివ్వకండి. రిఫిట్ యార్డులో జూనియర్ ఆఫీసర్ చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా విలువైనది నాకు తోచదు.

తలుపులను చూసే తీరు కూడా నేర్చుకోవాలి. వాటర్‌టైట్ తలుపు అంటే ఏ వైపు నుంచి నీటి ఒత్తిడి వచ్చినా ఆపేది. వెదర్‌టైట్ అంటే అలలూ వానా లోపలికి రానివ్వనిది, అంతే. గంటల తరబడి మునిగి ఉంటే ఆపుతుందని ఆశించకూడదు. రెండూ రబ్బరు మీద ఆధారపడ్డవే. ఒక సుద్దముక్క తీసుకోండి. రబ్బరును తాకే ఉక్కు అంచు పొడవునా సుద్ద రాయండి. తలుపు వేసి క్లిప్పులన్నీ బిగించి, తెరిచి చూడండి. రబ్బరు మీద తెల్లని గీత తెగకుండా చుట్టూ పడాలి. మూల దగ్గర ఒక అంగుళం మేర గీత లేదంటే నీళ్లకు దారి ఉన్నట్టే. రబ్బరు మీద పెయింట్ మరక ఉందేమో చూడండి. యాట్‌లో పెయింట్ వేయని రోజు ఉండదు, కుర్రవాడు అంచులు దిద్దుతూ రబ్బరుకూ ఒక పూత లాగించేస్తాడు. పెయింట్ ఎండి బిరుసెక్కితే రబ్బరు నొక్కుకోదు. బ్లేడుతో గీకకండి, రబ్బరు మార్చండి. సుద్ద పరీక్షలో నెగ్గినా సరే, ఏడాదికోసారి హోస్‌తో నీళ్లు కొట్టి చూడటం మంచిది. మీటరున్నర దూరం నుంచి, 2 బార్ల ఒత్తిడితో, లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడి.

పవర్‌తో జరిగే తలుపుల దగ్గర జాగ్రత్త వేరు. అవి 20 నుంచి 40 సెకన్లలో మూసుకునేలా కడతారు, మధ్యలో చెయ్యో కాలో ఉంటే ఆగవు. ట్రేతో దూరిపోవాలని చూసే స్టూవర్డ్‌కు, పూర్తిగా తెరిచాకే దాటాలని, దాటాక మూసుకుందని చూసే కదలాలని చేయించి చూపించండి. నోటితో చెబితే చాలదు.

మూసి ఉన్నాయని ఎలా తెలుస్తుంది? 1987 మార్చి 6న జీబ్రుగ్ రేవు దాటగానే హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ఫెర్రీ తిరగబడి 193 మంది చనిపోయారు. ముందరి తలుపులు తెరిచే ఉన్నాయి. మూయవలసిన మనిషి తన గదిలో నిద్రపోయాడు. బ్రిడ్జి మీద వాటి స్థితి తెలిపే దీపం లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే అన్నది అక్కడి పద్ధతి. ఇప్పుడు దీపాలున్నాయి. కానీ దీపం చెప్పేది సెన్సార్ సంగతి. తలుపు కింద తువాలు ఇరుక్కున్నా కొన్నిసార్లు పచ్చగానే వెలుగుతుంది. మీ ఓడలో మౌనాన్ని జవాబుగా తీసుకోకండి. లంగరు ఎత్తే ముందు ఒక మనిషి చుట్టి వచ్చి, ప్రతి తలుపు పేరూ పలికి, కళ్లతో చూశానని బ్రిడ్జికి చెప్పాలి. మీరు టైము వేసి రాసుకోవాలి.

ఇక్కడిదాకా ఇనుము సంగతి. ఇది మనిషి దగ్గరకొచ్చేసరికి కష్టమవుతుంది. ఓడ వెనకభాగంలో నీటికి దగ్గరగా ఉండే బీచ్‌క్లబ్ తలుపు తెరిచి ఉంటుంది, అతిథులు గాలి బాగుందంటారు, చీఫ్ స్టూవర్డెస్ అక్కడే భోజనం వడ్డిస్తానంటుంది. మీ వయసు ఇరవై ఆరు. దక్షిణాన మబ్బు కడుతోంది. అతిథి ముందు గొంతు పెంచకండి, నీళ్లు నమలకండి కూడా. చీఫ్ స్టూవర్డెస్‌ను పక్కకు పిలిచి, "మేడం, ఈ తలుపు ఇంకో ఇరవై నిమిషాలు తెరిచి ఉంచగలను. పండ్లు, కాఫీ పైన సాలోన్‌లో ఏర్పాటు చేయించండి, కుర్చీలు మావాళ్లు మోస్తారు," అనండి. కారణం అడిగితే మబ్బు చూపించండి. ఇందులో బతిమాలడం లేదు. సమయం చెప్పారు, బదులు చోటు చూపించారు, సాయం ఇచ్చారు. కాదంటే కెప్టెన్ దగ్గరికి వెళ్లండి. "సార్, గాలి లేచేలా ఉంది, బీచ్‌క్లబ్ మూస్తున్నాను," అని చెప్పండి, మూయమంటారా అని అడగకండి. కెప్టెన్ వద్దంటే ఆయన మాటే చెల్లుతుంది, ఆ బాధ్యత ఆయనది. చాలామంది అనరు. చెప్పే మనిషి లేక మూయకుండా ఉండిపోయిన తలుపులే ఎక్కువ.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక రోజు ఓడ ఒక పక్కకు వాలి నిలబడవచ్చు. అప్పుడు చెయ్యి వేసే ముందు ఒక్క నిమిషం చూడండి. బరువు ఒక వైపు చేరి వాలిందా, జీఎం సున్నా కన్నా కిందికి పోయి వాలిందా? బరువు వల్ల అయితే ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. జీఎం పోయినప్పుడు కాసేపు కుడికి, ఒక అల తగలగానే ఎడమకు పడి అక్కడ నిలుస్తుంది. ఈ రెండోదాంట్లో, ఎత్తుగా ఉన్న వైపుకు బరువు జరిపితే ఓడ అటు వైపుకు ఒక్కసారిగా పడుతుంది, ముందుకన్నా ఎక్కువగా. గురుత్వ కేంద్రాన్ని కిందికి దించడమే మందు. జకూజీ ఖాళీ చేయండి, వేలాడుతున్న బరువు ఏదైనా ఉంటే దించండి, అడుగు ట్యాంకుల్లో ఇరుకైన ఒక్కదాన్ని ఎంచుకుని, వాలిన వైపుదే ముందు, నిండా నింపండి. మొదట ఇంకాస్త వాలుతుంది, అది తెలిసే చేయాలి.

రాత్రి ఉత్తర్వుల పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. గాలి ఇన్ని నాట్లు దాటితే నన్ను లేపండి అని దాదాపు ప్రతి కెప్టెన్ రాస్తాడు. దుమారం ఆ అంకె దగ్గర ఆగి మీ కోసం వేచి ఉండదు. లేపడానికి ఒక గుర్తు, మూయడానికి అంతకన్నా ముందే వచ్చే గుర్తు, రెండూ విడిగా రాయాలి. వేసవి మధ్యధరాలో ఉరుముల హెచ్చరిక ఉన్న రాత్రయితే మూసే పని పడుకోబోయే ముందే అయిపోవాలి. పక్క తలుపులు, బీచ్‌క్లబ్, అతిథుల గదుల కిటికీలు, డెక్కు హ్యాచ్‌లు, మెట్ల పైతలుపులు. ఇంజన్లు వెంటనే నడిచేలా సిద్ధంగా ఉండాలి, ఓడను గాలికి ఎదురు తిప్పగలిగితే పక్క దెబ్బ తప్పుతుంది. ఉత్తర్వు ఇలా రాస్తే మంచిదని నా అభిప్రాయం: "మెరుపు కనిపించినా, రాడార్‌లో వానమబ్బు ఆరు మైళ్ల లోపలికి వచ్చినా, గాలి 15 నాట్లు దాటినా నన్నూ ఇంజనీర్‌నూ లేపండి. అంతకు ముందే తెరిచి ఉన్నది ఏదైనా కనిపిస్తే ఎవరినీ అడగకుండా మూసి, టైము రాయండి. తెరవడానికి మాత్రం నా అనుమతి కావాలి." అంకెలు మీ ఓడను బట్టి, మీ లంగరు చోటును బట్టి మార్చుకోండి. కాపలాకు దిగే ప్రతివాడూ దాన్ని పైకి చదివి, కింద సంతకం పెట్టాకే టార్చి చేతికివ్వండి.